అదురు లెక్క

మొదట అదిరింది కుడి కనురెప్ప.

ఫోన్లో చెబితే అమ్మ తేలిగ్గా తీసిపారేసింది. "కుడికన్నేగా? మగాళ్లకి కుడికన్ను అదిరితే శుభంరా అబ్బాయ్. ఎడమదైతే చెప్పు, అప్పుడాలోచిద్దాం" అంది. పంచాంగం వెనక పేజీల్లో బల్లిపాటు ఫలితాల పక్కనే, ఏ అంగం అదిరితే ఏ ఫలమో కూడా ఉంటుంది. అమ్మకి అదంతా కంఠతా. కణ్వాశ్రమంలో అడుగుపెట్టగానే దుష్యంతుడికి కుడి భుజం అదిరిందనీ, అశోకవనంలో సీతమ్మకి ఎడమకన్ను అదిరిందనీ, ఇద్దరికీ మంచే జరిగిందనీ సాక్ష్యాలతో సహా చెప్పింది. ఆ ఇద్దరూ నరాల డాక్టరు దగ్గరికి పరిగెత్తినట్టు ఎక్కడా లేదు.

అమ్మ శాస్త్రమే నెగ్గింది. ఆ వారంలోనే మా ఆవిడ నెల తప్పినట్టు తెలిసింది.

కన్ను సర్దుకుంది. రెండు నెలలకి పిక్క మొదలెట్టింది.

రాత్రి ఒంటిగంట. లుంగీ పైకి లాగి, ఫోన్‌లో టార్చి వేసి ఎడమ పిక్క మీదికి పట్టాను. చర్మం కింద చేపపిల్ల తోకాడించినట్టు ఒకచోట టక్కుమంటోంది. ఆగుతోంది. ఆగింది కదా అని కాలు చాపుకునేలోపు ఇంకోచోట టక్కుమంటోంది. నొప్పి లేదు. నొప్పి ఉంటే బాగుండేదనిపించింది. నొప్పికి జండూబామ్ ఉంది.

అదే ఫోన్లో "పిక్క అదరడం" అని కొట్టాను. కాఫీ ఎక్కువైతే రావచ్చు, నిద్ర చాలకపోతే రావచ్చు, ఎక్కువ నడిస్తే రావచ్చు అని వరసగా చెప్పి, చిట్టచివర మెల్లిగా ఇంకోటి కూడా చెప్పింది. ఏఎల్ఎస్. రోజుకి నాలుగు కాఫీలు తాగేవాణ్ణి, రాత్రి ఒంటిగంటకి మేలుకుని ఉన్నవాణ్ణి, మొదటి రెండూ వదిలేసి చివరిది పట్టుకున్నాను.

కండరాల్ని నడిపించే నరకణాలు ఒక్కొక్కటే చచ్చిపోయే జబ్బు అది. కాలో చెయ్యో ముందు బలం పోగొట్టుకుంటుంది. తర్వాత మాట, మింగుడు, ఊపిరి. 1869లో షార్కో అనే ఫ్రెంచి డాక్టరు దాన్ని వివరించాడు. అమెరికాలో లూ గెహ్రిగ్ అనే బేస్‌బాల్ ఆటగాడికి 1939లో ఆ జబ్బని తేలింది, 1941లో పోయాడు. స్టీఫెన్ హాకింగ్‌కి 21 ఏళ్లప్పుడు వచ్చింది, 76 ఏళ్లు బతికాడు. నిజానికి హాకింగ్‌ని చూసి ధైర్యం తెచ్చుకోవాలి. నేను గెహ్రిగ్ లెక్క తీసుకున్నాను. రెండేళ్లు. పుట్టబోయే బిడ్డకి అప్పటికి మాటలు కూడా సరిగ్గా రావు.

నేను బ్యాంకులో క్లర్కుని. కనబడినదల్లా రాసిపెట్టుకోవడం వృత్తి. మర్నాడే ఒక చిన్న నోటుబుక్కు కొన్నాను. తేదీ, టైము, చోటు, ఎన్నిసార్లు అని నాలుగు గళ్లు గీశాను. ఎడమ పిక్క 41. కుడి తొడ 9. బొటనవేలు 3. రాత్రి పడుకోబోయే ముందు మొత్తం కట్టేవాణ్ణి. నిన్నటికన్నా పెరిగితే నిద్ర పట్టేది కాదు. నిద్ర పట్టకపోతే మర్నాడు ఇంకా పెరిగేది. ఏ ఖాతాకైనా ఇంత చక్రవడ్డీ పడగా నేను చూడలేదు.

లెక్కతో పాటు పరీక్షలు. లంచ్ టైములో బ్యాంకు స్టోర్‌రూములో మునివేళ్ల మీద నడిచేవాణ్ణి, తర్వాత మడమల మీద. నిండు బకెట్టు ఒక్క చేత్తో ఎత్తి ముప్పై అంకెలు లెక్కపెట్టేవాణ్ణి. అద్దం ముందు నాలుక చాపి వణుకుతోందేమో చూసేవాణ్ణి. చాపిన నాలుక ఎవరికైనా వణుకుతుందని అప్పుడు తెలీదు. మా ఆవిడ కుట్టుమిషను సొరుగులోంచి టేపు తీసి పిక్కలు కొలిస్తే కుడిది 35 సెంటీమీటర్లు, ఎడమది 34న్నర. ఆ అర సెంటీమీటరు నా దగ్గర్నుంచి పది రాత్రులు తీసుకుపోయింది.

కౌంటర్లో కూర్చుని ఉండగా కుడి తొడ అదిరేది. ఫోనేమోనని జేబు తడుముకునేవాణ్ణి. ఫోను బల్ల మీదే ఉండేది. వారంలో మూడు నాలుగుసార్లు ఇదే తంతు. పక్క కౌంటరు అమ్మాయి, "మళ్లీ రాని ఫోను ఎత్తారా సార్?" అని నవ్వేది.

మా ఆవిడకి ఏడో నెల వచ్చింది. పుట్టింటికి పంపే ముందు రోజు రాత్రి నా చెయ్యి తీసుకుని పొట్ట మీద పెట్టుకుంది. "ఇక్కడ చూడండి, తంతోంది" అంది. నా అరచేతి కింద ఏదో కదిలింది. "అదిరిందా?" అంది సంబరంగా.

"నా చెయ్యేమో" అన్నాను.

ఆవిడ నా చెయ్యి నెమ్మదిగా తీసి పక్కన పెట్టి అటు తిరిగి పడుకుంది. మర్నాడు అనంతపురం రైలెక్కించి వచ్చాను.

ఈ ఆర్నెల్లలో ఒక లాభం జరిగింది. నరాల జబ్బుల్లో నాకు తెలియనిది లేకుండా పోయింది. పార్కిన్సన్స్ వణుకు చెయ్యి ఊరికే ఉన్నప్పుడు ఎక్కువనీ, ఏఎల్ఎస్‌లో తిమ్మిరి ఉండదనీ, పక్షవాతానికి రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటల్లోపే పడాలనీ, ఇలాంటివన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేవాణ్ణి. బ్యాంకులో నన్ను హాఫ్ డాక్టర్ అనేవాళ్లు. వెక్కిరింత.

రేపల్లె దగ్గర మా ఊళ్లో మాత్రం అది వెక్కిరింత కాదు. "మావాడు డాక్టర్లకి తెలియనివి కూడా చదివాడు" అని అమ్మ వీధంతా చెప్పుకుంది. పిన్ని మోకాలు నొప్పికీ, ఎదురింటాయన షుగరుకీ నాకే ఫోన్లు. నేనూ ఆ పెద్దరికం కాదనలేదు. ఒకసారి ఊరి ఆర్ఎంపీ ఎవరికో జ్వరమొస్తే వరసగా మూడు సూదులు పొడిచాడని విని, అమ్మకి గట్టిగా చెప్పాను: "మన ఇంట్లో ఎవరికి ఏదొచ్చినా ముందు నాకు ఫోన్ చెయ్యి. నేను చెప్పందే ఎక్కడికీ కదలొద్దు."

అమ్మ ఆ మాట కొంగున ముడేసుకుంది.

ఆ నెలలోనే ఒకరోజు నాన్న ఫోను తీసుకున్నాడు. ఆయన ఫోన్లో మాట్లాడటమే అరుదు. "ఎట్లా ఉందిరా కాలు?" అన్నాడు. చెప్పాను. కాసేపు విని, "మొన్న పొద్దున నాక్కూడా కుడి చెయ్యి మాట విన్లేదురా. కాఫీ గ్లాసు జారిపోయింది. పది నిమిషాలకి మళ్లీ మామూలైపోయిందిలే" అన్నాడు.

"చెయ్యి ఒంటి కింద పెట్టుకుని పడుకునుంటావు నాన్నా. అంతే" అన్నాను.

"అంతేనేమోలే" అన్నాడు.

తర్వాత నా తొడ సంగతి ఇంకో ఇరవై నిమిషాలు చెప్పాను. మొత్తం విన్నాడు.

ఎనిమిదో నెలలో చివరికి నరాల డాక్టరు దగ్గరికి వెళ్లాను. అరవై దాటిన మనిషి. నా నోటుబుక్కు తీసుకుని రెండు పేజీలు తిప్పి, "దస్తూరి బాగుంది" అన్నాడు. మోకాళ్ల మీద సుత్తితో కొట్టాడు. కాళ్లూ చేతులూ తోసి చూశాడు, లాగి చూశాడు. నేను స్టోర్‌రూములో చేసిన నడకలే చేయించాడు. తర్వాత ఈఎంజీ. పిక్కలో సన్నని సూది గుచ్చి, కండరం చేసే చప్పుడు స్పీకర్లో వినిపిస్తారు. కాలు బిగిస్తే రేకుల కప్పు మీద వాన పడ్డట్టు బరబరమంది. వదులు చెయ్యమన్నాడు. వదిలాను. వాన వెలిసినట్టు నిశ్శబ్దం.

"ఈ నిశ్శబ్దమేనండీ నాక్కావలసింది" అన్నాడు డాక్టరు. "మీకేం లేదు."

"మరి అదురు?"

"అదురు ఎవరికి లేదు? మీరు లెక్క రాశారు, మిగతావాళ్లు రాయలేదు. ఆ జబ్బు అదురుతో తలుపు తట్టదు. పని ఆగిపోవడంతో తడుతుంది. బొత్తాం పెట్టుకోలేకపోవడం, కాలినుంచి చెప్పు జారిపోవడం, చేతిలో గ్లాసు నిలవకపోవడం, అట్లాంటివి. అదురు చూడకండి, పని చూడండి. అమెరికాలో మేయో క్లినిక్ వాళ్లు మీలాంటివాళ్లని 121 మందిని ఏళ్ల తరబడి గమనించి 1993లో రాశారు. వాళ్లలో ఒక్కరికీ ఆ జబ్బు రాలేదు. ఆ 121 మందిలో ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్లూ చాలామందే ఉన్నారు. తెలిసినకొద్దీ భయం. నేను మెడిసిన్ చదివే రోజుల్లో ఆర్నెల్లు నా బొటనవేలు చూసుకుంటూ కూర్చున్నాను."

చేతిలో గ్లాసు అన్నప్పుడు లోపల ఏదో కదిలింది. అంతలోనే ఆయన "మీకేం లేదు" అని మరోసారి అనడంతో ఆ సంతోషంలో అది కొట్టుకుపోయింది.

నోటుబుక్కు సొరుగులో వేసుకుని తాళం పెట్టాడు. "ఇది నా దగ్గరుంటుంది. కాఫీ ఒకటి చాలు. పదింటికి పడుకోండి. అదిరినప్పుడు చెయ్యి పెట్టొద్దు, చూడొద్దు. మీరు చూడటమే దానికి మేత. అదిరితే అదరనివ్వండి. ముందు ఒక్క సాయంత్రం గెలవండి. ఏ సినిమాకో నాటకానికో వెళ్లండి. ఆ ఫోను సైలెంట్‌లో పెట్టి జేబులో పడెయ్యండి. ఇంటికెళ్లేదాకా తీయొద్దు."

నాకు గెలవాలనిపించిన ఆదివారం తొమ్మిదో నెలలో వచ్చింది. రవీంద్రభారతిలో శ్రీకృష్ణ రాయబారం వేస్తున్నారు. ఉతికిన చొక్కా వేసుకున్నాను. చొక్కా జేబులో పెడితే కళ్లు దాని మీదికే పోతాయని ఫోను సైలెంట్ చేసి ప్యాంటు జేబులో తోశాను.

అసెంబ్లీ మెట్రో స్టేషన్ మెట్లు దిగుతుండగా కుడి తొడ అదిరింది.

చెయ్యి అలవాటుగా బయల్దేరింది. సగం దారిలో ఆపాను. పిడికిలి బిగించి వెనక్కి తీసుకున్నాను. నువ్వు ఉత్తిదానివి, నాకు తెలుసు అనుకున్నాను. అదే ఆగిపోయింది. చూడకపోతే ఇంత తేలిగ్గా పోతుందా! ఒకటి, అని లెక్కపెట్టుకున్నాను. ఈసారి లెక్క దానిది కాదు, నాది. నా గెలుపుల లెక్క.

టీ తాగుతుంటే రెండు. సీట్లో కూర్చోగానే మూడు. తెర లేచేలోపు నాలుగు, అయిదు. ఇదివరకటికన్నా పట్టుగా, ఎక్కువసేపు వస్తోంది. ఆరిపోయే ముందు దీపం ఎగిసిపడుతుందంటారు కదా, అట్లా అనుకున్నాను. భయమే వేయలేదు.

చాలా ఏళ్ల తర్వాత పద్యం చెవుల్లోకి వెళ్లింది. కృష్ణుడి వేషగాడు రాగం తీసి తీసి, ఊపిరి చివరంటా నిలబెట్టి వదిలితే హాలంతా వన్స్‌మోర్ అంది. నేనూ అన్నాను. అదే సమయంలో తొడ అదిరింది. తొమ్మిది. కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాను. పక్క సీటు పెద్దాయన నా జేబు వైపోసారి, నా మొహం వైపోసారి చూసి ఏదో అనబోయాడు. నా మొహంలో ఆనందం చూసి ఊరుకున్నాడు కాబోలు.

పదమూడు. పద్నాలుగు.

తొమ్మిదిన్నర ప్రాంతంలో తొడ పూర్తిగా సద్దుమణిగింది. ఆ తర్వాత ఒక్కసారి కూడా అదరలేదు. నాంపల్లిలో రెండు ఇడ్లీలు తిని, ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాను. తాళం తీస్తూ అనుకున్నాను, ముందు అమ్మకి చెప్పాలి. "పోయిందే అమ్మా, ఇవాళ పద్నాలుగుసార్లు గెలిచానే" అని. తర్వాత నాన్నని పిలిచి, ఆర్నెల్లుగా నా గోల విన్నందుకు ఏదన్నా ఒక మంచి మాట చెప్పాలి.

జేబులోంచి ఫోను తీశాను.

మిస్డ్ కాల్స్ 14. అన్నీ అమ్మవే.

కింద ఒక వాయిస్ మెసేజ్. అమ్మకి పంపడం రాదు. పక్కింటి కుర్రాడు నొక్కి ఇచ్చినట్టున్నాడు.

"ఒరేయ్ అబ్బాయ్, ఎక్కడున్నావురా? సాయంత్రం నాన్న టీ తాగుతూ తాగుతూ గ్లాసు వదిలేశాడు. మొన్నటి చెయ్యే. మూతి ఒక పక్కకి పోయింది. మాట ముద్దముద్దగా వస్తోంది. పక్కింటాయన 108కి ఫోన్ చేస్తానంటే, మావాడు చెప్పందే కదలొద్దన్నాడు, వాడికి అన్నీ తెలుసు అని నేనే ఆపాను. కోడలికి చేద్దామంటే నిండు చూలాలు, కంగారు పడుతుంది. నీకు చేసీ చేసీ విసుగొచ్చింది. ఇప్పుడే కాస్త కునుకు పట్టినట్టుంది, పిలిచినా పలకట్లేదు. లేపడం లేదు. నువ్వు ఎట్లా చెబితే అట్లా చేస్తాం."

మొదటి కాల్ ఎప్పుడొచ్చిందో చూశాను. 5.42. గోడ గడియారం 10.15 చూపిస్తోంది.

నేను బ్యాంకు క్లర్కుని. కాగితం అక్కర్లేకపోయింది.

నాలుగు గంటల ముప్పై మూడు నిమిషాలు.